లేని చెరువుకు నలభై ఎనిమిది మార్కులు

మొన్న ఒక ఆదివారం పొద్దున, నా దగ్గర చదువుకున్న సునంద అనే అమ్మాయి ఫోన్ చేసింది. కంభం వైపు ఒక కాలేజీలో లెక్చరరుగా చేరి ఇంకా నెల కాలేదు.

"మేడమ్, ముప్పై మందికి అసైన్‌మెంట్ ఇచ్చినా. ముప్పై మందీ ఏఐతో రాయించుకొని వచ్చినారు. అందరి చివరి పేరా 'ముగింపుగా చెప్పాలంటే' అనే మొదలవుతుంది. వీళ్లను ఎట్ల పట్టుకునేది?"

గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. నాకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే బాధపడుతుందని దగ్గినట్టు చేసినాను.

"పట్టుకునేది తర్వాత సంగతి. ముందు నేను ఎట్ల దొరికిపోయినానో విను" అని మొదలుపెట్టినాను. సగంలో ఆమెకు ఎవరో చుట్టాలొచ్చినారు. మిగతాది రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టినాక, సునందకు ఒక్కదానికే ఎందుకు, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలందరికీ పనికొస్తుంది కదా అనిపించింది.

నేను మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినాను. రిటైరై కొద్ది కాలమే అయింది. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ జీవో ఎప్పుడు రాలేదు అనే సంగతులు ఇక్కడ రాయను. అవి తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి.

భర్తకు కృతజ్ఞతలు చెప్పిన అబ్బాయి

కాపీ అనేది ఫోనుతో పుట్టలేదు. నేను చేరిన కొత్తలో పిల్లలు సీనియర్ల రికార్డులు తెచ్చుకొని, హాస్టలు వరండాలో బోర్లా పడుకొని, అక్షరం పొల్లుపోకుండా దించేవాళ్లు. పొల్లుపోకుండా అంటే నిజంగానే పొల్లుపోకుండా. ఒక అబ్బాయి, పంతొమ్మిదేళ్ల వాడు, తన ప్రాజెక్టు మొదటి పేజీలో 'ఈ పనిలో నాకు అండగా నిలిచిన నా భర్తకు, మా అత్తగారికి కృతజ్ఞతలు' అని రాసినాడు. ఎవరో పెళ్లయినామె రికార్డు వాడి చేతికి చిక్కింది. దించేసినాడు.

అది పట్టుకున్నది నేను కాదు, అప్పటి మా డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు. చెవి మీద ఎర్ర పెన్సిలు పెట్టుకొని తిరిగే మనిషి. వాణ్ని స్టాఫ్ రూముకు పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఏం నాయనా, మీ ఆయన బాగున్నాడా?"

"ఎవరు సార్?"

"అదే, మీ ఆయన. మీ అత్తగారిది ఏ ఊరు?"

వాడికి ఏమీ అర్థం కాలేదు. సారు ఆ పేజీ తిప్పి చూపించినారు. చదువుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడి, రికార్డు అక్కడే వదిలిపెట్టి పరుగెత్తినాడు. మా స్టాఫ్ రూములో వారం రోజులు ఆ నవ్వే.

ఆ సారు పిల్లలు ఇచ్చిన ప్రతి కాయితం చదివేవారు. సైకిలు క్యారేజీకి రికార్డుల కట్ట కట్టుకొని ఇంటికి తీసుకుపోయేవారు. వయసులో ఉన్న నాకు అది చాదస్తంలా కనబడేది. ఒకసారి నా మొహం చూసి కనిపెట్టినట్టున్నారు.

"అమ్మా, పిల్లలు కాపీ కొట్టకుండా నేను ఆపలేను. ఈయన చదువుతాడు అనే భయం మాత్రం ఉంచగలను" అన్నారు.

తల ఊపినాను. ఆయన రిటైరైపోయినాక ఆ భయమూ రిటైరైపోయింది. దాన్ని నిలబెట్టాల్సిన మనిషిని నేనే. నిలబెట్టలేదు.

ఒక్క మాట. చేత్తో దించిన కాపీలో ఒక మేలుండేది. ఎంత దొంగతనమైనా అది ఒకసారి కంట్లో పడి, చేతిలోంచి పోయేది. భర్తకు కృతజ్ఞతలు చెప్పిన ఆ అబ్బాయికి ఇప్పుడు మార్కాపురంలో పలకల వ్యాపారం. కనబడినప్పుడల్లా గిరాకీ రేఖ గురించి నాకే పాఠం చెప్తాడు. ఇప్పటి ఫైలు అట్ల కాదు. కంటికి, చేతికి తగలకుండా నేరుగా ప్రింటరులోకి పోతుంది.

కుక్కరు విజిళ్ల లెక్కన మార్కులు

డిగ్రీ పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో ఒక ప్రాజెక్టు ఉంటుంది. నలుగురు ఒక జట్టు. ఒక ఊరు ఎంచుకోవాలి, ఇల్లిల్లూ తిరగాలి, ఏం చేసి బతుకుతున్నారు, ఏం ఇబ్బంది ఉంది అని అడగాలి, రిపోర్టు రాయాలి. పేరుకు చాలా మంచి పని. కానీ మన దిక్కు ఎండలు మీకు తెలుసు. పిల్లలు ఊరికి పోతారని మేము నమ్మినట్టు నటించేవాళ్లం, పోయినట్టు వాళ్లు నటించేవాళ్లు.

ఆ ఏడు నా బల్ల మీద రిపోర్టులు గుట్టగా పడినాయి. ఇంటికి తెచ్చుకున్నాను. వంట చేస్తూ వేసినాను మార్కులు. రిపోర్టు తీసుకునేది, అట్ట చూసేది, విషయసూచిక చూసేది, మధ్యలో రంగుల బొమ్మలున్నాయా చూసేది, చివరి పేజీలో సంతకం. కుక్కరు ఒక విజిలు వేసేలోపల రెండు రిపోర్టులు అయిపోయేవి. పప్పు ఉడికేసరికి ఒక సెక్షను మొత్తం పూర్తి. దీన్ని ఇంగ్లీషులో వాల్యుయేషన్ అంటారు.

అందులో ఒక రిపోర్టు మహా అందంగా ఉంది. రాచర్ల దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి గురించి. ఊరి పేరు రాయను, వాళ్లు ఇప్పటికే నన్ను చూసి కావలసినంత నవ్వినారు. భాష గంగాప్రవాహంలా ఉంది, పట్టికలు, గ్రాఫులు, అన్నీ ఉన్నాయి. యాభైకి నలభై ఎనిమిది వేసినాను. మిగతా రెండు మార్కులు ఎందుకు తగ్గించినానంటే, చదివినట్టు కనబడాలి కదా.

మా ప్రిన్సిపాల్ గారికి బరువైన రిపోర్టులంటే ప్రేమ. చేత్తో ఎగరేసి చూసి "మంచి పని చేసినారు పిల్లలు" అనేవారు. ఆ ఏడు ఉత్తమ ప్రాజెక్టుకు బహుమతి అని ఒక సభ పెట్టినారు. నేను నలభై ఎనిమిది వేసినదానికే బహుమతి. సభకు వచ్చిన పెద్దల్లో చేపల పెంపకం చూసే ఆఫీసరు ఒకాయన ఉన్నారు. ఆయనకూ ఒక ప్రతి ఇచ్చి పంపినారు.

మూడు వారాలు గడిచినాయి. క్లాసులో ఉండగా అటెండరు వచ్చి, ప్రిన్సిపాల్ గారు వెంటనే రమ్మంటున్నారన్నాడు. పోయినాను. ఆయన బల్ల మీద ఆ బహుమతి రిపోర్టు తెరిచి ఉంది.

"మేడమ్, ఆ రాచర్ల వైపు ఊళ్లో చెరువుందా?"

"ఏ చెరువు సార్?"

"నాలుగో పేజీలో ఉందే. 'గ్రామం నడిబొడ్డున విశాలమైన చెరువు, దాని చుట్టూ ముప్పై రెండు మత్స్యకార కుటుంబాలు' అని. ఆ ఆఫీసరు ఈ రోజు పొద్దున జీపేసుకొని ఆ ఊరు పోయినాడంట. చేపపిల్లలు వదలడానికి వీలుంటుందేమో చూద్దామని."

"పోయి?"

"చెరువు ఎక్కడ అని ఒక ముసలామెను అడిగితే, 'చెరువా? కంభం పో నాయనా, అక్కడుంది పెద్దది' అని దారి చూపించిందంట."

ఆయన గొంతు తగ్గించి అన్నారు: "పోనీ, పిల్లలు రాసేటప్పుడు ఉండింది, ఇప్పుడు ఎండిపోయింది అని చెప్దామా?"

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ మాట నాకు ఒక నిమిషం పాటు చాలా మంచి ఆలోచనగా తోచింది.

ఎవరి పని వాళ్లు చేసినారు

పిల్లలను పిలిపించినాను. నలుగురిలో మీకు ఇద్దరు తెలిస్తే చాలు. ఒకడు చెన్నకేశవులు. అందరూ చెన్నా అంటారు. మార్కాపురం బజారులో వాళ్లకు బట్టల దుకాణం ఉంది. మాటలతో చీర అమ్మగలడు, పరీక్షా రాయగలడు. రెండోది ఆదిలక్ష్మి. రాచర్ల వైపు పిల్ల. ఇంటివాళ్లు గొర్రెలు మేపుతారు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"చెన్నా, ఊరికి పోయినారా?"

"పోదామనే బయల్దేరినాం మేడమ్. రాచర్లలో ఆటో నిండలా. ఒక గంట చూసి సోడా తాగి వచ్చేసినాం."

"మరి ఇదంతా ఎట్ల రాసినారు?"

"ఊరి పేరు కొట్టి, గ్రామ సర్వే రిపోర్టు కావాల అని ఫోన్ను అడిగినా. అది చాలా మర్యాదగా, 'తప్పకుండా' అని రాసిచ్చింది."

"నువ్వు చదవలేదా?"

"కొంచెం చూసినా మేడమ్. చెరువు దగ్గర నాకూ అనుమానం వచ్చింది. కానీ మీరు నలభై ఎనిమిది వేసినారు కదా. సరే, ఉండే ఉంటుందిలే అనుకున్నా."

వాడు వెటకారం చేయలేదు. నిజంగానే అట్ల అనుకున్నాడు. నేను ఆదిలక్ష్మి వైపు తిరిగినాను.

"మీది ఆ పక్క ఊరే కదమ్మా. చెరువు లేదని నీకు తెలియదా?"

"తెలుసు మేడమ్. కానీ నేను చదవలా. నాకు ఇచ్చిన పని బైండింగు." తల వంచుకొని, మెల్లగా అడిగింది. "మీరు చదివినారా మేడమ్?"

ముప్పై ఏళ్ల పైన క్లాసులో నిలబడినాను. ఆ ప్రశ్న నన్ను ఏ పిల్లా అడగలేదు. తిట్టడానికి తయారుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టినాను.

"లేదు" అన్నాను. "చదవలేదు."

నలుగురూ తలెత్తి చూసినారు. ఒక లెక్చరరు నోటి నుంచి ఆ మాట వాళ్లు ఎప్పుడూ విని ఉండరు. చెప్పినాక నాకూ కొంచెం తేలికైంది. "శనివారం ఆ ఊరు పోదాం. నేనూ వస్తా. ఆటో నిండకపోతే నడిచి పోదాం" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు "ఎందుకు మేడమ్ ఇంత దూరం, ఒక నెలైతే అందరూ మర్చిపోతారు" అన్నారు. చెడ్డ మనిషి కాదు. కాలేజీ పేరు పోతుందని భయం. నేను సెలవు చీటీ రాసిచ్చి బయటపడినాను.

కొట్టేయొద్దు మేడమ్

ఊళ్లోకి దిగేసరికే మా సంగతి తెలిసిపోయి ఉంది. పాలు పోసే కేంద్రం అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చినారు. ఆఫీసరుకు కంభం దారి చూపించిన ముసలామె పేరు సుబ్బులమ్మ అంట, అందరికంటే ముందు కూర్చుంది. పక్కన గొర్రెల పెంపకంలో పెద్దవాడు కాశయ్య. ఇంకో ఇరవై మంది చుట్టూ చేరినారు.

"చెన్నా, రిపోర్టు తీయి. నాలుగో పేజీ. గట్టిగా చదువు" అన్నాను.

"ఇక్కడా మేడమ్?"

"ఎవరి గురించి రాసినావో వాళ్ల ముందే చదువు."

చదివినాడు. విశాలమైన చెరువు దగ్గర ముసిముసి నవ్వులు మొదలైనాయి. మత్స్యకార కుటుంబాలు అనేసరికి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. 'వేకువజామునే పడవలపై బయలుదేరే పురుషులు' అన్న చోట కాశయ్య నవ్వు ఆపుకోలేక దగ్గుతో ఉక్కిరిబిక్కిరైనాడు. ఎవరో వీపు తట్టినారు.

"ఏంది అబ్బీ, నేను పడవెక్కినానా? నాకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది!"

చెన్నా కూడా నవ్వబోయి, నవ్వలేక నిలబడినాడు. నవ్వులు సద్దుమణిగినాక నేను లేచి చేతులు జోడించినాను. తప్పు పిల్లలది సగం, నాది సగం, దీన్ని కొట్టేసి మళ్లీ సరిగా రాస్తాం, మీరు మాతో మాట్లాడండి అన్నాను.

అప్పుడు సుబ్బులమ్మ అన్న మాట నేను కలలో కూడా ఊహించలేదు.

"కొట్టేయొద్దు మేడమ్. ఉండనీ."

"ఏం అవ్వా? లేని చెరువు కదా."

"లేదని నాకు తెలీదా? మా జీవాలకు రోగాలొస్తున్నాయి, డాక్టరు రావాల అని ఎన్ని అర్జీలు పెట్టినామో. నిజం రాసి పెట్టినాం. ఒక్కరూ రాలా. ఆ పిల్లోడు ఫోన్లో లేని చెరువు రాస్తే జీపొచ్చింది! అదేదో అట్లనే ఉండనీ. రేపు చెరువే తవ్విస్తారేమో."

కాశయ్య కూడా "అవును మేడమ్, ఆ ఫోను చెయ్యి మంచిది. రోడ్డు కూడా ఉందని రాయించండి" అన్నాడు. జనమంతా ఔనౌనన్నారు. చెన్నా మొహంలో వెలుగొచ్చింది. అబద్ధానికి వచ్చినంత మర్యాద నిజానికి రాలేదు అంటున్నారు. వాళ్లకు నేనేం చెప్పాలి?

జవాబు ఆదిలక్ష్మి చెప్పింది. అప్పటిదాకా అరుగు చివర గమ్మున నిలబడి ఉన్న పిల్ల.

"అవ్వా, ఎండాకాలంలో మీకు నీళ్ల ట్యాంకరు వస్తుందా?"

"వస్తుంది. అది రాకపోతే చచ్చినట్టే."

"ఊరి నడిమధ్యలో చెరువుందని కాయితాల్లో ఎక్కితే, చెరువున్న ఊరికి ట్యాంకరు ఎందుకంటారు. ఆపేస్తారు."

అవ్వ ఒక్క ఉదుటున లేచింది.

"కొట్టేయ్!" అని అరిచింది సుబ్బులమ్మ. "కొట్టేయ్ నాయనా, ఇప్పుడే, నా కండ్ల ముందర కొట్టేయ్!"

చెన్నా జేబులో పెన్ను లేదు. ఫోనొక్కటే ఉంది. పాల లెక్క రాసుకునే అతను తన పెన్ను ఇచ్చినాడు. ఇరవై మంది వంగి చూస్తుండగా చెన్నా ఆ చెరువును అడ్డంగా, నిలువుగా కొట్టేసినాడు. సుబ్బులమ్మ ఇంకా నమ్మలేదు. "ఆ పడవలు కూడా" అన్నది. అవీ కొట్టేసినాడు.

ఖాళీ గడులు

ఆ తర్వాత వరసగా కొన్ని ఆదివారాలు పోయినాం. సర్వే అంటే ఏమిటో నాకూ అప్పుడే తెలిసింది.

గొర్రెలు ఎన్ని ఉన్నాయి అని చెన్నా ఫారం పట్టుకొని అడిగేవాడు. "ఉన్నాయిలే నాయనా" అనేవాళ్లు. మళ్లీ అడిగితే "దేవుడిచ్చినన్ని" అనేవాళ్లు. మందను లెక్కపెట్టి పరాయివాళ్లకు చెప్పరని ఆదిలక్ష్మి వివరించేదాకా వాడు ఊరందరితో ఇదే గొడవ.

"మరి ఈ గడిలో ఏం రాయాల మేడమ్?"

"చెప్పలేదు అని రాయి."

"సగం ఊరు చెప్పలేదనే ఉంటే బాగుండదు కదా."

"అదే బాగుంటుంది."

ఫోను రాసిన రిపోర్టులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ప్రతి ఇంటి గొర్రెలూ లెక్కతో సహా ఉన్నాయి. అడిగితే జవాబు చెప్పని మనిషి, తలుపు తీయని ఇల్లు, మాట మధ్యలో లేచిపోయిన ముసలాయన దానికి తెలియరు. అప్పటినుంచి నేను ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు ఖాళీల కోసం చూసేదాన్ని. అన్నీ నిండి ఉంటే అనుమానమే.

కొత్త రిపోర్టు రాసుకొచ్చినారు. చేతిరాత, కొట్టివేతలు, మధ్యలో టీ మరక. పట్టికలు వేయడానికి, కూడికలు చూసుకోవడానికి ఏఐని వాడుకుంటాం మేడమ్ అని అడిగినారు. వాడుకోండి అన్నాను. ఊరికి పోయి వచ్చినవాడికి అది మంచి గుమాస్తా. పోనివాడికే అది యజమాని అవుతుంది.

రెండు రోజులు కూర్చొని ప్రతి వాక్యం చదివినాను. ముప్పై ఒకటి వేసినాను.

చెన్నా పరుగెత్తుకుంటూ వచ్చినాడు. "మేడమ్, ఇదేం న్యాయం? ఊరికి పోకుండా రాసినదానికి నలభై ఎనిమిది, ఎండలో తిరిగి రాసినదానికి ముప్పై ఒకటా?"

"అప్పుడు చదవలేదు. ఇప్పుడు చదివినాను" అన్నాను.

వాడు రిపోర్టు నా ముందు పెట్టి, "ఎక్కడెక్కడ తగ్గించినారో చెప్పండి" అన్నాడు. నా సర్వీసులో ప్రాజెక్టు గురించి ఒక పిల్లవాడు ఆ మాట అడగడం అదే మొదటిసారి. గంటసేపు కూర్చోబెట్టి చెప్పినాను.

రాసింది ఫోను, చదివింది ఫోను

ఆ ఆఫీసరును నేనే పోయి కలిసినాను. తిడతారనుకున్నాను. ఆయన కుర్చీ వేయించి, జరిగిందంతా విని, తలుపు వైపు ఒకసారి చూసుకొని, దగ్గరికి వంగినారు.

"మేడమ్, మీరు దాచకుండా చెప్పినారు కాబట్టి చెప్తున్నా. ఆ రిపోర్టు నేనూ చదవలేదు. అంత లావు ఎక్కడ చదివేది? ఫోటోలు తీసి ఫోనుకిచ్చి, సారాంశం చెప్పమన్నా. అది చెరువుంది పొమ్మంది. పోయినా."

ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాం. రాసింది ఫోను, చదివింది ఫోను, మధ్యలో మనుషులందరం సంతకాలు. పిల్లల్ని ఒక్కళ్లనే బోనులో నిలబెడదామని బయల్దేరిన నాకు, బోనులో చోటు చాలదని అర్థమైంది.

కాబట్టి సునందా, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. ఏఐ రాతను పట్టుకునే వెబ్‌సైట్లను నమ్ముకోవద్దు. మా స్టాఫ్‌లో ఒకాయన తాను చేత్తో రాసుకున్న పాత నోట్సు టైపు చేయించి దాంట్లో వేస్తే, మనిషి రాసింది కాదంది. ఆయన రెండు రోజులు దిగులుపడినాడు. అంతకంటే పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకొని, చిన్న ప్రశ్నలడుగు. ఆ ఊళ్లో మీకు మంచినీళ్లు ఎవరిచ్చినారు? ఎవరు విసుక్కున్నారు? ఏ ఇంటి కుక్క మీదికొచ్చింది? పోయినవాడికి నోరు ఆగదు. పోనివాడు గోడకున్న క్యాలెండరు చూస్తాడు. అయితే ఇవన్నీ అడగాలంటే ముందు నువ్వు ఆ రిపోర్టు చదివి ఉండాలి. అందరివీ ఒక్కసారి చదవలేకపోతే సగం మందికే పని ఇవ్వు. చదవనిదానికి మాత్రం మార్కు వేయొద్దు. నేను వేసినాను, దాని ఫలితం ఇప్పుడు చదివినావు.

టీకాల రోజు

రిపోర్టులో జీవాల రోగాల మీద ఒక భాగం ఉంది. ఆదిలక్ష్మి దాని నకలు తీసుకొని పశువుల డాక్టరు దగ్గరికి మూడుసార్లు తిరిగింది. మొదటిసారి ఆయన లేరు. రెండోసారి పనిలో ఉన్నారు. మూడోసారి ఆయన చదివేదాకా అక్కడే కూర్చుందంట.

తర్వాతి ఎండాకాలం, తొలకరికి ముందు, నేను రిటైరవడానికి కొద్ది రోజులుందనగా ఆ ఊరికి టీకాలు వేయడానికి వచ్చినారు. మా రిపోర్టు వల్లే వచ్చినారని నేను చెప్పను. ఆ రోజుల్లో టీకాలు ఎట్లాగూ వేస్తారు. కానీ డాక్టరు చేతిలో ఆ కాయితాలు ఉన్నాయి. అది మాత్రం నేను కళ్లారా చూసినాను.

పొద్దున్నే మందలన్నీ ఊరి బయటికి తోలుకొచ్చినారు. దుమ్ము, అరుపులు, పిల్లల కేకలు. చెన్నా ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఒక పొట్టేలును పట్టుకోబోయి రెండుసార్లు కింద పడినాడు. సుబ్బులమ్మ గట్టు మీద కూర్చొని వాడికి సలహాలిస్తూ ఉంది.

మధ్యలో డాక్టరు చేతులు కడుక్కొని, జేబులోంచి కాయితాలు తీసి అడిగినారు. "చిటుక రోగం గురించి ఈ పేజీ ఎవరు రాసినారు? ఎండలు ముదిరినప్పుడు వస్తుందని ఉంది. తప్పు ఇది. తొలకరి వానకు మొలిచిన లేత పచ్చిక మేసినప్పుడు వచ్చే రోగం ఇది. ఇది కూడా ఫోను రాసిందేనా?"

ఆదిలక్ష్మి చెన్నా వైపు చూసింది. ఆ పేజీ వాడిది. వాడు పట్టుకున్న పొట్టేలును వదిలేసి, వంటికంటిన దుమ్ముతోనే ముందుకొచ్చినాడు.

"ఫోను కాదు సార్. కాశయ్య తాత చెప్తుంటే నేనే సరిగా వినలా. ఆ తప్పు నాదే" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా పిల్లల తప్పులు దిద్దినాను. ఒక తప్పు తనదని అంత గర్వంగా, రొమ్ము విరుచుకొని చెప్పినవాణ్ని నేను అంతకు ముందు చూడలేదు. డాక్టరు జేబులోంచి పెన్ను తీసి వాడి చేతికిచ్చినారు. వాడు కాయితం మోకాలి మీద పెట్టుకొని, ఆ వరుస కొట్టేసి, పైన కొత్తగా రాయడం మొదలుపెట్టినాడు.